గుట్ట అప్పగింతలు

మానేరు ఇసుకను అరచేతిలో పోసుకుని ఎండకు పట్టి చూస్తే అందులో మూడు నాలుగు రంగులు తేలతాయి. తెల్లగా మెరిసేవి పలుగురాయి రేణువులు. లేత గులాబీ రంగువి, తేనెరంగువి ఫెల్స్పార్ ముక్కలు. నల్లగా, పలుచగా తళుక్కుమనేవి అభ్రకం తునకలు. అదే ఎండలో ఎల్గందల్ ఖిల్లా ఎక్కి, దారి పక్కన బండ మీద చెయ్యి ఆనించి చూడండి. అవే రంగులు, అవే ఖనిజాలు. కాకపోతే అక్కడ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. మానేరులో ఉన్నది విడిపోయిన గుట్ట. ఎల్గందల్‌లో ఉన్నది ఇంకా విడిపోని ఇసుక.

కరీంనగర్ చుట్టుపక్కల పుట్టినవాళ్లం గుట్టల నీడన పెరిగినవాళ్లం. ఊరికొక గుట్ట, గుట్టకొక దేవుడు, ఏటికొక జాతర. పొలం గట్టు ఎక్కడుందో చెప్పాలన్నా, వాన ఏ దిక్కు నుంచి వస్తుందో చూడాలన్నా గుట్టే గుర్తు. మొలంగూరు ఖిల్లాను మా తాత ఎలా చూశాడో నేనూ అలాగే చూస్తున్నాను. ఒక రాయి తగ్గినట్టు కనిపించదు, ఒక గుండు జరిగినట్టు కనిపించదు. అందుకే గుట్ట కదలనిదని, మారనిదని మనకొక నమ్మకం. మన ఆయుష్షు మరీ పొట్టిది కాబట్టి కలిగిన నమ్మకం అది. మూడు తరాల చూపును కలిపినా గుట్ట లెక్కలో అది ఒక్క రెప్పపాటుకు సరిపోదు.

ఈ గుట్టల రాయి ఆరుబయట పుట్టింది కాదు. సుమారు 250 కోట్ల ఏళ్ల కింద, నేలకు కిలోమీటర్ల లోతున, కరిగిన రాతిద్రవం నిదానంగా చల్లారి గ్రానైట్ అయింది. నిదానంగా చల్లారింది కాబట్టే అందులోని రేణువులు కంటికి ఆనేంత పెద్దవిగా పెరిగాయి. అంత లోతున పుట్టిన రాయి ఇప్పుడు మన కాళ్ల కింద ఉందంటే, దాని నెత్తిన ఉన్న కిలోమీటర్ల మందం రాయి ఏమైనట్టు? వాన, ఎండ, గాలి, ఏరు కలిసి దాన్ని కోట్ల ఏళ్లుగా తీసేస్తూ వచ్చాయి. మీది బరువు తగ్గేకొద్దీ లోపలి రాయి కొంచెం ఉబ్బి, పైకి సమాంతరంగా పగుళ్లిస్తుంది. పరుపుబండల మీద నడుస్తుంటే అక్కడక్కడ కాలి కింద డొల్లగా మోగే పెచ్చులు తగులుతాయి. అవి అలా లేచిన పొరలే.

గుండు మీద గుండు నిలబడ్డ గుట్టలు మన దగ్గర ఎన్నో. భీముడు పేర్చాడని ఒక ఊరు చెబుతుంది, రాక్షసులు విసిరారని ఇంకో ఊరు చెబుతుంది. ఆ కథలు నాకు ఇష్టం. అసలు జరిగింది మాత్రం ఆ కథలకు తలకిందులు. నేలలో ఉన్నప్పుడే గ్రానైట్‌కు అడ్డం నిలువు పగుళ్లుంటాయి. వాననీళ్లు ఆ పగుళ్లలోకి దిగి ఫెల్స్పార్‌ను మెల్లగా బంకమట్టిగా మారుస్తాయి. రాతి మూలలకు రెండు మూడు వైపుల నుంచి తడి తగులుతుంది కాబట్టి అవి ముందు అరుగుతాయి. చతురస్రంగా ఉన్న దిమ్మ కాలం గడిచేకొద్దీ గుండ్రబడుతుంది, చుట్టూ ఉన్నది మొరంగా మారిపోతుంది. తర్వాతి వానలు ఆ మొరాన్ని కడిగేస్తే లోపలి గుండ్లు బయటపడి ఒకదాని మీద ఒకటి ఆగుతాయి. వాటిని ఎవరూ తెచ్చి పేర్చలేదు, చుట్టూ ఉన్నది తీసేస్తే మిగిలాయి. హిమాలయాలు పైకి లేవడం వల్ల ఏర్పడ్డ కొండలు. మన గుట్టలు చుట్టూ నేల దిగిపోతే మిగిలిన కొండలు.

మరి దిగిపోయిన నేల ఎక్కడికి పోయింది? నాకు ఈ ప్రశ్న గుట్ట కన్నా ముఖ్యమనిపిస్తుంది.

గుట్ట పాదం దగ్గర మొరం. మొరానికి కాస్త దిగువన ఎర్రచెలక. కందులు, పెసర్లు, మక్కలు పండేది అక్కడే. చెలక నుంచి వాన కోసుకొచ్చిన మెత్తటి మట్టి ఇంకా దిగువన చెరువులో చేరుతుంది. మత్తడి దూకిన నీళ్లతో ఇసుక ఒర్రెలోకి, ఒర్రె నుంచి వాగులోకి, వాగు నుంచి మానేరులోకి పోతుంది. మానేరు మంథని దిక్కున పోయి గోదావరిలో కలుస్తుంది. గోదావరి మోసుకుపోయిన ఒండ్రు మీద కోనసీమ కొబ్బరితోటలున్నాయి. ఎల్గందల్ బండలో విడిపోయిన రేణువుకు ఈ దారి పొడుగునా పని ఉంది. చెలకలో వేరుకు పట్టు ఇస్తుంది. ఏటి అడుగున ఇసుకపొరలో నీళ్లు దాచిపెడుతుంది. డెల్టాలో సముద్రానికి అడ్డంగా నేలవుతుంది.

మన పెళ్లిళ్లలో అప్పగింతలు ఉంటాయి. పిల్ల చేతిని పాలలో ముంచి అత్తగారికి, మామగారికి, ఆడబిడ్డకు, పేరు పేరునా ఒక్కొక్కరి చేతిలో పెడతారు. కళ్లనీళ్లు పెట్టుకుంటూనే పెడతారు. అయినా పిల్ల పోయిందని ఎవరూ అనరు, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి చేరిందంటారు. గుట్ట చేసే పని అదే. గుట్ట తరుగుతుంది, తరగడం దాని స్వభావం. కానీ తరిగిన ప్రతి రేణువునూ ఎవరో ఒకరి చేతిలో పెట్టి మరీ తరుగుతుంది. చెలక, చెరువు, ఏరు, డెల్టా అని మనం పిలిచేవన్నీ ఆ అప్పగింతల నడుమ నేల తీసుకునే మజిలీలు.

కరీంనగర్ నుంచి ఉత్తరానికి, గోదావరి దాటి మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ మీదుగా ఆదిలాబాద్ కొండల దాకా పోతే ఈ మాటకు రుజువులు అడుగడుగునా దొరుకుతాయి. సుమారు వంద మైళ్లలోనే నేల చరిత్రలోని మూడు పెద్ద అధ్యాయాలు వరుసగా పరిచి ఉన్న దారి అది.

గ్రానైట్ వెనకబడి, రామగుండం దగ్గరికి వచ్చేసరికి రాయి మారుతుంది. గరుకుగా, పసుపు గోధుమ రంగులో ఉండే ఇసుకరాయి మొదలవుతుంది. దాని కింద బొగ్గు. సుమారు 30 కోట్ల ఏళ్ల కింద మన దేశం దక్షిణ ధ్రువానికి దగ్గరగా, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో అతుక్కుని ఉండేది. ఆ మహాఖండాన్నే గోండ్వానా అంటారు. ఆసిఫాబాద్, ఉట్నూరు, చాందా ప్రాంతాలను ఏలిన గోండుల పేరు ప్రపంచంలోని ప్రతి భూగర్భశాస్త్ర పుస్తకంలోనూ అలా చేరింది. అప్పుడు ఈ నేల మీద మంచు పేరుకుని ఉండేది. ఆదిలాబాద్ సరిహద్దున పెన్‌గంగ ఒడ్డున, మహారాష్ట్రలోని ఇరాయి దగ్గర, హిమానీనదం ఈడ్చుకుపోయిన రాళ్లు సున్నపురాయి మీద గీసిన గీతలను పంతొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించారు. గీతలు పడిన ఆ సున్నపురాయి అంతకు ఎంతో ముందు ఒక సముద్రపు అడుగున పేరుకున్నది. మే నెలలో రామగుండం ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడి, 45 డిగ్రీలు దాటిన ఎండలో ఈ సంగతి తలచుకోండి. నేల ఎంత దూరం నడిచి వచ్చిందో అర్థమవుతుంది.

మంచు కరిగింది. అదే కాలంలో భూమి పైపెంకు సాగి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడుగ్గా పగుళ్లిచ్చింది. పగుళ్ల నడుమ నేల కుంగింది. ఒక్కసారిగా కుంగి ఉంటే అది లోతైన సరస్సయ్యేది. కోట్ల ఏళ్ల పాటు కొంచెం కొంచెంగా కుంగుతూ వచ్చింది. కుంగినంత మేర చుట్టుపక్కల ఎత్తు నేలల నుంచి నదులు ఇసుక, ఒండ్రు తెచ్చి నింపాయి. ఆ బురదనేలల్లో గ్లోసోప్టెరిస్ అనే చెట్ల అడవులు పెరిగాయి. ఆకులు, మానులు నీటిలో పడి, గాలి తగలక పూర్తిగా కుళ్లకుండా పేరుకున్నాయి. వాటి మీద ఇసుక, ఇసుక మీద మళ్లీ అడవి. బొగ్గుబాయిలోకి దిగినవాళ్లకు ఒక పొర కింద ఇంకో పొర ఎందుకుంటుందో తెలుసు. కుంగుతూ నిండడం, నిండుతూ కుంగడం, ఆ పొరలన్నిటి వెనక ఉన్న పని అది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాకే మనకు సింగరేణి వచ్చింది. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ వెలిగించిన దీపాలన్నీ ఆ పాత అడవుల ఎండవే.

పాత ఎత్తునేలలు తమను తాము ఈ పల్లానికి అప్పగించకపోతే బొగ్గు మీద కప్పు ఉండేది కాదు, కప్పు లేకుంటే బొగ్గే ఉండేది కాదు. మనం బతికిన బొగ్గు కూడా ఎవరో గుట్టలు పెట్టిన భిక్ష.

ఆ పల్లం నిండుతూనే పోయింది. బొగ్గు అడవుల కాలం ముగిశాక ఎర్రమట్టి నదుల కాలం వచ్చింది. ఆసిఫాబాద్ ప్రాంతంలోని మాలేరి, మంచిర్యాల వైపు భీమారం, ఎర్రపల్లి, ధర్మారం ఊళ్ల దగ్గర బయటపడిన ఆ రాతిపొరలకు ఆ ఊళ్ల పేర్లే పెట్టారు. మాలేరి పొరల్లో 22 కోట్ల ఏళ్ల కిందటి మొసలిలాంటి జంతువుల ఎముకలు, తొలినాటి డైనోసార్ల ఎముకలు దొరికాయి. అక్కడ దొరికిన చిన్న డైనోసార్ ఒకటి ఆల్వాకెరియా మాలేరియెన్సిస్ పేరుతో లోకానికి తెలుసు. ప్రాణహిత ఒడ్డున వేమనపల్లి మండలంలోని యామన్‌పల్లిలో ఇంకా పెద్దది దొరికింది. పొడుగు మెడతో, తొమ్మిది మీటర్ల పొడవున్న శాకాహారి డైనోసార్. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. దాని అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. సెలవుల్లో పిల్లలు దాన్ని చూసి నోరు తెరుస్తారు. అది తమ జిల్లా బిడ్డ అని మంచిర్యాల పిల్లల్లో ఎందరికి తెలుసో!

ఆ పాత పగులు ఇంకా నిద్రపోలేదు. పడమటి నుంచి తూర్పుకు వస్తున్న గోదావరి ఈ పల్లంలో అడుగుపెట్టాక ఆగ్నేయానికి మళ్లుతుంది. ఉత్తరం నుంచి వచ్చే ప్రాణహిత కూడా అదే వాలు పట్టుకుని వచ్చి కాళేశ్వరం దగ్గర దాంతో కలుస్తుంది. నదులకు ఆ దారి వేసింది గోండ్వానా నాటి పగులే. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4 పొద్దున ఏడున్నరకు ముందు ములుగు అడవుల కింద 5.3 తీవ్రతతో మళ్లీ కదిలింది. ఆ కదలిక కరీంనగర్ ఇళ్లలోనూ తెలిసింది. ఇంట్లో గిన్నెలు కదిలినంతసేపే ఉన్న ఆ భయం వెనక, కోట్ల ఏళ్లుగా సర్దుకుంటూనే ఉన్న ఒక నేల ఉంది.

ఇంకా ఉత్తరానికి పోయి కెరమెరి ఘాట్ ఎక్కితే మూడో అధ్యాయం. 6.6 కోట్ల ఏళ్ల కింద, మన దేశం మిగతా ఖండాల నుంచి విడిపోయి ఉత్తరానికి పరుగు తీస్తున్న కాలంలో, పగుళ్ల నుంచి లావా పొంగి పొరలు పొరలుగా పరుచుకుంది. దక్కన్ లావా ఇప్పటికీ ఐదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలి ఉంది. ఆదిలాబాద్ ఉత్తర భాగం దాని తూర్పు అంచుల్లో ఒకటి. అందుకే అక్కడి కొండలు కరీంనగర్ గుట్టల్లా గుండ్లు గుండ్లుగా ఉండవు. పైన చదునుగా, పక్కలకు మెట్లు మెట్లుగా దిగుతాయి. ఒక్కో మెట్టు ఒక్కో లావా ప్రవాహం అంచు. కొమురం భీం తన వాళ్లతో నిలబడి పోరాడిన జోడేఘాట్ అడవులు ఈ కొండల్లోనివే. జల్, జంగల్, జమీన్ అని మూడు మాటలు కలిపి అడిగిన నేల అది. ఆ మూడూ ఆ రాతితోనే ముడిపడి ఉన్నాయి.

ఎలాగంటే, లావా చల్లారి అయిన బసాల్ట్ రాతిలో ఇనుము, మెగ్నీషియం, కాల్షియం ఎక్కువ. అది చివికితే చెలక కాదు, నల్లరేగడి అవుతుంది. వానకు ఉబ్బి, ఎండకు అరచెయ్యి పట్టేంత నెర్రెలిచ్చే ఆ మట్టి తడిని నెలల తరబడి పట్టి ఉంచుతుంది. ఆదిలాబాద్ పత్తి, జొన్న దాని మీద ఆధారపడ్డ పంటలు. కరీంనగర్‌లో చెలక నీళ్లు నిలపదు కాబట్టి పెద్దలు గుట్ట గుట్టకూ నడుమ కట్ట వేసి చెరువులు తవ్వారు. ఆదిలాబాద్‌లో రేగడి తనే నీళ్లు దాస్తుంది కాబట్టి వానాధార పంట నిలిచింది. నడుమ గోదావరి లోయలో ఇసుకరాయి మీద సేద్యం పలుచన, అడవి చిక్కన, కింద బొగ్గు. ఒకే ఉత్తర తెలంగాణలో ఒకరు చెరువు కింద వరి నాటారు, ఒకరు బొగ్గుబాయిలో తట్ట ఎత్తారు, ఒకరు పత్తి ఏరారు. మన బతుకులు ఇలా వేరు కావడంలో రాజుల కన్నా, పాలకుల కన్నా ముందు రాయి చెయ్యి ఉంది.

లావా కూడా తరుగుతూనే ఉంది. కుంటాల దగ్గర కడెం నది 45 మీటర్ల లోతుకు దూకుతుంటే చూసేవాళ్లకు కళ్లు చాలవు. దూకిన చోట నీరు అడుగును తొలుస్తుంది, అంచు రాయి పట్టు తప్పి విరిగిపడుతుంది, జలపాతం ఎగువకు ఒక జానెడు జరుగుతుంది. ఈ జానెడుకు ఎన్ని తరాలు పడుతుందో మనం కొలిచి చూడలేం. మనం ఒకచోట నిలిచి ఉందనుకునే జలపాతం నిజానికి ఎదురు నడుస్తోంది.

నది పని మాత్రం మన కళ్ల ముందే తెలుస్తుంది. కాళేశ్వరం రేవులో నిలబడితే ఒక ఏడు చూసిన ఇసుకమేట మరుసటేడు ఉండదు. 2022 జులైలో గోదావరి పరీవాహకమంతా కుండపోత కురిసి, కడెం ప్రాజెక్టుకు దాని గేట్లు వదలగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చింది. మంచిర్యాల కాలనీలు మునిగాయి. నీరు తీసిన తర్వాత చూస్తే ఎన్నో ఒడ్లు కోసుకుపోయి ఉన్నాయి, ఎన్నో పొలాల్లో ఇసుక మేటలు వేసి ఉంది. నది ఒక రైతు దగ్గర తీసుకుని ఇంకో రైతుకు ఇస్తుంది. ఇచ్చింది ఎప్పుడూ మనం కోరుకున్నదే అయి ఉండదు. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను. నాటు వేసిన మడి మీద మోకాలు లోతు ఇసుక పడితే ఆ ఇంటి ఏడాది పోయినట్టే.

ఈ అప్పగింతకు మనం అడ్డం నిలబడినప్పుడు ఏమవుతుందో కూడా గోదావరే చూపిస్తోంది. 1963లో పునాది వేసుకున్న శ్రీరాంసాగర్ 112 టీఎంసీల నీటి కోసం కట్టిన ప్రాజెక్టు. పూడిక పేరుకుని ఇప్పుడు 80 టీఎంసీలకు కాస్త ఎక్కువ మాత్రమే పడుతుంది. మహారాష్ట్ర రేగడిని, మన చెలకను నది తెచ్చి ఆ గోడ దగ్గర దించింది, ముందుకు తీసుకుపోయే దారి లేక అక్కడే వదిలింది. ఎగువన ప్రతి ఆనకట్ట దగ్గరా ఇదే జరిగితే దిగువన డెల్టాకు చేరే ఒండ్రు తగ్గక తప్పదు. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్లను, రోడ్డును కోసుకుపోతోంది. దానికి అలల తీరు, రేవు కట్టడాలు లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, డెల్టా తీరానికి ఒండ్రు తగ్గడం కూడా బరువైన కారణమే. మేడిగడ్డ బరాజ్‌లో 2023 అక్టోబరులో పియర్లు కుంగినప్పుడు, పరిశీలించిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు పునాది కింది ఇసుక కదిలిపోవడాన్ని ఒక కారణంగా చూపారు. ఏటి అడుగున ఇసుక కదలకుండా పడి ఉండదని ఆ ఒడ్డున చేపలు పట్టేవాళ్లను అడిగినా చెబుతారు.

ఇంతవరకు వానను, నదిని చూశాం. ఇప్పుడు మన ప్రాంతంలో నేలను అందరికన్నా వేగంగా మారుస్తున్నవాళ్లం మనమే.

కరీంనగర్ గ్రానైట్‌కు టాన్ బ్రౌన్ అని లోకమంతా పేరు. ఆ ముదురు గోధుమ రంగు రాయి కోసం జిల్లాలో గుట్ట తర్వాత గుట్ట లీజుకు పోయింది. వైరు రంపం కోసిన దిమ్మలు లారీ ఎక్కి, రైలు ఎక్కి, కాకినాడ రేవుకు, అక్కడి నుంచి చైనాకు, ఆ పైన ఏ దేశపు వంటింటి గట్టుకో చేరుతున్నాయి. ఇలాంటి గట్టి రాతిగుట్ట వానకు, ఎండకు పది లక్షల ఏళ్లలో కోల్పోయేది కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల మందం. క్వారీ అదే గుట్టను ఒక తరం తిరగకుండానే నేలమట్టం చేస్తుంది. గుట్ట పోతే దాని గుహల్లో ఉండే ఎలుగుబంట్లు ఊళ్ల మీద పడుతున్నాయి. గుట్ట చుట్టూ ఉన్న సీతాఫలం పోతోంది. కురిసిన వాన జారి కుంటలోకి చేరే వాలు పోతోంది. బోర్లలో నీరు ఇంకా కిందికి దిగుతోంది.

గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. పదో శతాబ్దంలో, 945 ప్రాంతంలో, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు ఆ గుట్ట రాతి మీద జైన మూర్తులను, చక్రేశ్వరీ దేవిని చెక్కించి, వాటి కింద సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. అందులోని తెలుగు కంద పద్యాలు నన్నయ కన్నా ముందటివి. మన పద్యానికి ఇంత పాత ఆనవాలు దొరికిన ఆ గుట్టకు కూడా క్వారీల బెదిరింపు తప్పలేదు. వెయ్యేళ్లకు పైగా వాన చెరపని అక్షరం అది. వానకు ఉన్న ఓపిక మనకు లేకపోయింది.

గోదావరిఖని, శ్రీరాంపూర్ వైపు లెక్క ఇంకా పెద్దది. 2023-24లో సింగరేణి సంస్థ ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసింది. అందులో ఎక్కువ భాగం ఉపరితల గనుల నుంచి వచ్చిందే. ఒక్కో టన్ను కోసం ఎన్నో ఘనపు మీటర్ల ఇసుకరాయి, మట్టి తవ్వి పక్కన పోయాలి. కోట్ల ఏళ్లు కుంగుతూ నిండిన లోయ ఇప్పుడు తిరగబడుతోంది. అడుగున ఉన్నది పైకి, పైన ఉన్నది పక్కకు. ఓపెన్‌కాస్ట్‌ల చుట్టూ లేచిన ఆ మట్టి గుట్టలు రైల్లోంచి చూస్తే నిజమైన గుట్టల్లాగే ఉంటాయి. వాటి మీద ఒర్రెలు కూడా పడ్డాయి. రెండు వానకాలాల్లోనే వాన వాటిని కోసి, తన పని మొదలుపెట్టింది. ఆ పక్క ఊళ్లవాళ్లు తమ ప్రాంతాన్ని బొందలగడ్డ అంటారు. ఇళ్లు, చెట్లు, పెద్దల సమాధులు ఒదిలి లేచిపోయినవాళ్ల నోట ఆ మాట ఎంత బరువుగా వస్తుందో విన్నవాళ్లకు తెలుస్తుంది. అదే గనుల మీద వేల కుటుంబాలు పిల్లలను చదివించుకున్నాయన్నదీ నిజమే. రెండింటినీ ఒకే గుండెలో మోస్తున్న పట్టణాలవి.

క్వారీని సమర్థించేవాళ్లు ఒక మాట అంటుంటారు. గుట్ట ఎలాగూ అరిగేదే, ఎప్పటికో ఇసుక అయ్యేదే, ఇవాళ మనం వాడుకుంటే తప్పేమిటి అని. భూగర్భశాస్త్రం తెలిసినవాళ్లు కూడా అప్పుడప్పుడు ఇదే అంటారు. మొదటి సగం నిజం. గుట్ట శాశ్వతం కాదు, నేను దాన్ని శాశ్వతంగా ఉంచమని అడగను. కానీ వాన తీసుకున్న గుట్ట చెలకకు, చెరువుకు, ఏటికి, డెల్టాకు చేరుతుంది. క్వారీ తీసుకున్న గుట్ట ఊరికి గుంతను, దుమ్మును మిగిల్చి దూరపు దేశానికి పోతుంది. మానేరు ఇసుక ఏటిని ఖాళీ చేసి, ఒడ్డు బావులను ఎండబెట్టి, హైదరాబాద్ గోడల్లో చేరుతుంది. బొగ్గు పొగై గాలిలో కలుస్తుంది. గుట్ట పోవడంలో అన్యాయం లేదు. ఎవరి చేతిలోనూ పెట్టకుండా పోవడంలో ఉంది.

మనిషి చెయ్యి పడితే ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని అనుకోవడం మాత్రం మన పెద్దలకు చేసే అవమానం. కాకతీయుల నాటి నుంచి ఈ నేలను మార్చినవాళ్లు వాళ్లు. రెండు గుట్టల నడుమ కట్ట వేస్తే వాగు చెరువైంది, చెరువు కింద తరి పుట్టింది. నేలరూపాన్ని మార్చడంలో అదేమీ చిన్న పని కాదు. అయితే వాళ్లు అప్పగింతను తెంపలేదు, దానిలో తామూ ఒక చెయ్యి కలిపారు. గుట్ట నుంచి జారిన మట్టి చెరువులో పేరుకుంటే, ఎండకాలంలో ఊరు ఊరంతా బండ్లు కట్టి ఆ పూడిక తవ్వి పొలాలకు తోలుకునేది. చెరువు మట్టి పడిన చేను రెండు మూడేళ్లు ఎరువు అడగదని రైతులు ఇప్పటికీ అంటారు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ట్రాక్టర్లతో ఆ అలవాటు మళ్లీ కొన్ని ఊళ్లలో కళ్లబడింది. వాన కిందికి దించినదాన్ని రైతు మళ్లీ పైకి ఎక్కించాడు. మనిషి నేలతో ఎలా మెలగాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం మన ప్రాంతంలో నాకు కనిపించలేదు.

ఆ పాఠాన్ని ఇవాళ్టి పనులకు పెట్టి చూడొచ్చు. ఒక గుట్టను లీజుకు ఇచ్చేముందు అందులో ఎన్ని ఘనపు మీటర్ల రాయి ఉందో లెక్క వేస్తున్నారు. ఆ గుట్ట వాలు మీద పడిన వాన ఏ చెరువుకు చేరుతుందో, ఏ చెలకకు మట్టి ఇస్తుందో, దాని మీద ఏ శాసనం, ఏ గుడి, ఏ గుహ ఉందో కూడా ఆ కాగితం మీద రాయాలి. అది రాయని లీజు సగం లెక్కే. ఉపరితల గని ముగిసిన చోట తీసిన మట్టిని మళ్లీ గోతిలో నింపడం, పైమట్టిని విడిగా దాచి మీద పరచడం సంస్థ బాధ్యతలో భాగం కావాలి. పక్క ఊరి సర్పంచి అడిగి చూసే హక్కుతో అది జరగాలి. ఏరు ఒక ఏడాదిలో ఎంత ఇసుక తెస్తుందో కొలిచి, దానికి లోబడే తీయాలి. ఆనకట్ట కట్టేవాళ్లు నీటిని ఎలా వదలాలో ఆలోచించినట్టే ఒండ్రు ఎలా దాటాలో కూడా ముందే ఆలోచించాలి. 2022 డిసెంబరులో కేంద్రం భూవారసత్వ స్థలాల రక్షణ కోసం ఒక చట్టం ముసాయిదా విడుదల చేసింది. అలాంటి రక్షణ మాలేరికి, యామన్‌పల్లికి, బొమ్మలమ్మ గుట్టకు అందాలని మన జిల్లాల నుంచే గట్టిగా అడగాలి.

వీటన్నిటికన్నా ముందు ఒక చిన్న పని ఉంది. మన బడుల్లో పిల్లలు హిమాలయాలు ఎలా పుట్టాయో చదువుతారు, గ్రాండ్ కాన్యన్ బొమ్మ చూస్తారు. తమ ఊరి గుట్ట ఎంత పాతదో, తమ చేను మట్టి ఏ రాయి నుంచి వచ్చిందో, తమ బావి నీళ్లు ఏ పగుళ్లలో నిలిచాయో వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. కరీంనగర్ పిల్లను గ్రానైట్ గుట్ట ఎక్కించి, మంచిర్యాల పిల్లవాడికి ఇసుకరాయి పొరలు చూపించి, ఉట్నూరు పిల్లను లావా మెట్ల దగ్గరికి తీసుకుపోవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, ఒక మాస్టారు మనసు చాలు. రేపు ఈ గుట్టల లీజు కాగితాల మీద సంతకం పెట్టేది ఆ పిల్లలే, పెట్టనని చెప్పేదీ వాళ్లే. గుట్ట తన రేణువులను ఎవరెవరికి ఇస్తుందో చిన్నప్పుడే తెలుసుకున్నవాళ్లు, ఆ వరుసలో తమ తర్వాత ఎవరున్నారని అడగకుండా దాని మీద చెయ్యి వేయరని నా నమ్మకం.